క్యాబినెట్‌కు ఊపిరి ఆడాలి: తిరుపతి ఎండల్లో గేమింగ్ పీసీ

మా చిన్నమ్మ కొడుకు తిరుపతి కొర్లగుంటలో మేడ మీద గదిలో ఉంటాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రెండేళ్లు దాచుకున్న డబ్బుకు వాళ్ల నాన్న ఇచ్చింది కలిపి పోయిన జనవరిలో సొంతంగా గేమింగ్ పీసీ బిగించుకున్నాడు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, ముందు భాగమంతా అద్దం ఉన్న క్యాబినెట్ (ఈ భాగాలన్నీ బిగించే డబ్బా), ఆ అద్దం వెనక రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మూడు. జనవరి, ఫిబ్రవరి హాయిగా గడిచాయి. మే మొదటి వారంలో ఫోన్ చేశాడు. "అన్నా, గేమ్ మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకే ఆగి ఆగి వస్తా ఉంది. కార్డు పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది. వారంటీకి పంపేదా?"

రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాను. టేబుల్ మీదున్న డిజిటల్ గడియారం గది ఉష్ణోగ్రత 36 డిగ్రీలు చూపిస్తోంది. మేడ మీద గది కదా, పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. గేమ్ నడుస్తుంటే గ్రాఫిక్స్ కార్డు 86 డిగ్రీలు, ప్రాసెసర్ 93. నేను చేసింది ఒక్కటే: క్యాబినెట్ వెనక రెండు స్క్రూలు చేత్తో తిప్పి పక్క అద్దం తీసి మంచం మీద పెట్టాను. పది నిమిషాల తర్వాత కార్డు 75, ప్రాసెసర్ 84. గేమ్ సాఫీగా నడిచింది. కార్డుకు ఏమీ కాలేదు. దానికి గాలి అందలేదు, అంతే.

ఆ రాత్రి వాడు అడిగిన ప్రశ్నలు మన ఊళ్లో పీసీ బిగించుకునే పిల్లలందరికీ వస్తాయి. ఎన్ని ఫ్యాన్లు ఉండాలి? లిక్విడ్ కూలర్ పెడితే సరిపోతుందా? ఖరీదైన క్యాబినెట్ అయితే చల్లగా ఉంటుందా? వీటిలో ఏ ఒక్కదానికీ విడిగా సూటి జవాబు చెప్పలేం. ముందు గాలి ఎలా నడుస్తుందో తెలియాలి.

క్యాబినెట్ చల్లబరచదు

చాలామంది ఇక్కడే పొరబడతారు. క్యాబినెట్‌లో ఏ ఫ్యానూ గాలిని చల్లబరచదు. గదిలో ఉన్న గాలిని లోపలికి తెచ్చి, లోపల వేడెక్కిన గాలిని బయటికి తోయడమే దాని పని. గదిలో 36 డిగ్రీలుంటే లోపలికి వచ్చే గాలి కూడా 36 డిగ్రీలదే. లిక్విడ్ కూలర్ పెట్టినా ఇంతే. అందులోని నీళ్లు ప్రాసెసర్ వేడిని రేడియేటర్ దాకా మోసుకుపోతాయి, అక్కడ మళ్లీ ఆ గది గాలే దాన్ని తీసుకుపోవాలి. గది కంటే చల్లగా ఏదీ ఉండదు.

మరోవైపు వేడి ఎంత పుడుతుందో చూద్దాం. పీసీ తీసుకునే కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మారుతుంది. ఆర్‌టీఎక్స్ 4070 కార్డుకు 200 వాట్లు. రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్ల దాకా లాగుతుంది కానీ గేమ్‌లో అంతకంటే తక్కువే. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్‌లో (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టెలో) పోయే నష్టం కూడా కలుపుకుంటే మొత్తం సుమారు 300 వాట్లు అనుకోండి. ఎల్ఈడీలు రాకముందు ఇళ్లల్లో వెలిగిన 100 వాట్ల గుండు బల్బులు గుర్తున్నాయా? అలాంటివి మూడు ఒక అట్టపెట్టెలో పెట్టి, గంటలకొద్దీ వెలిగించినట్టు. ఆర్‌టీఎక్స్ 5090 లాంటి కార్డయితే అదొక్కటే 575 వాట్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఫ్యాన్ డబ్బాల మీద సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదిలిస్తుందో చెప్పే అంకె. వాట్లను 1.76తో గుణించి, క్యాబినెట్‌లోంచి నిజంగా పోతున్న సీఎఫ్ఎంతో భాగిస్తే, బయటికి వెళ్లే గాలి లోపలికి వచ్చిన గాలి కంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో వస్తుంది. 300 వాట్ల పీసీలోంచి నిమిషానికి 30 ఘనపుటడుగుల గాలే పోతుంటే తేడా 17 డిగ్రీలకు పైనే. అదే 90 అయితే 6 డిగ్రీల లోపు. మా వాడి గదిలో 36 డిగ్రీలు. అంటే మొదటి సందర్భంలో క్యాబినెట్ లోపలి గాలి 50 దాటుతుంది. గ్రాఫిక్స్ కార్డు మీది ఫ్యాన్లకు, ప్రాసెసర్ కూలర్‌కు అదే దొరికేది. 50 డిగ్రీల గాలితో ఎంత విసురుకున్నా ఏం లాభం?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్యాన్ డబ్బా మీద 60 సీఎఫ్ఎం అని ఉంటే అది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి లెక్క. ముందు అద్దం, దుమ్ము జాలీ, వైర్ల గుంపు అడ్డం వస్తే అందులో సగం కూడా దక్కకపోవచ్చు. అందుకే ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయన్నది రెండో ప్రశ్న. ఆ ఫ్యాన్ల ముందు ఏముంది అన్నదే మొదటి ప్రశ్న.

వాళ్ల 22, మన 36

క్యాబినెట్ల మీద వచ్చే వీడియోల్లో, సమీక్షల్లో పరీక్షలు చేసే గది సాధారణంగా 20-25 డిగ్రీల మధ్య ఉంటుంది, 22 అనుకోండి. అక్కడ కార్డు 68 డిగ్రీలు చూపించిందంటే అర్థం, గది కంటే సుమారు 46 డిగ్రీలు ఎక్కువ అని. ఆ తేడాను గుర్తుపెట్టుకోవాలి తప్ప 68ని కాదు. మన 36 డిగ్రీల గదిలో అదే కార్డు, అదే క్యాబినెట్ 82 దగ్గర తేలుతుంది. తిరుపతిలో మే నెల పగటి ఎండ 40 దాటడం మామూలే. చిత్తూరు కాస్త ఎత్తున ఉంది కాబట్టి కొంచెం నయం కావచ్చు, కానీ రోహిణి కార్తెలో అక్కడి మేడ మీద గది కూడా కొలిమే.

రైజెన్ 5 7600కు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. గేమింగ్ కోసం చాలామంది కొనే 7800ఎక్స్3డీకి ఇంకా తక్కువ, 89. ఆర్‌టీఎక్స్ 4070 కార్డుకు 90. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు, భయపడక్కర్లేదు. కానీ గేమ్‌లో ఫ్రేములు (సెకనుకు తెర మీద పడే బొమ్మలు) ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేస్తుంటాయి. ఎన్విడియా కార్డులు ఆ గీత దాకా కూడా ఆగవు, వేడి పెరిగే కొద్దీ క్లాకును (చిప్పు వేగాన్ని) కొంచెం కొంచెంగా దించుకుంటూ పోతాయి.

చల్లటి దేశంలో క్యాబినెట్ పది డిగ్రీలు వృథా చేసినా సర్దుకుపోవచ్చు. అక్కడ 68 కాస్తా 78 అవుతుంది, అంతే. మనకు ఆ పది డిగ్రీలే గేమ్ ఆడటానికీ ఆపేయడానికీ మధ్య తేడా. వాళ్ల సమీక్షలో "ఫర్వాలేదు" అనిపించుకున్న క్యాబినెట్ మన ఊళ్లో పనికిరాకపోవచ్చు అనేది అందుకే.

ముఖం చూసి కొనాలి

గాలి బద్ధకస్తురాలు. ఎటు సులువుగా ఉంటే అటే పోతుంది. కాబట్టి క్యాబినెట్ ముందు భాగం మీద మీరు పెట్టే శ్రద్ధ మిగతా అన్నిటికంటే ఎక్కువ ఉండాలి.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. కోర్సెయిర్ 2020లో 4000డీ అనే క్యాబినెట్‌ను రెండు రకాలుగా తెచ్చింది. లోపలి డొక్క ఒక్కటే, కొలతలు ఒక్కటే. ఒకదానికి ముందు నున్నటి ఇనుప రేకు, గాలికి అంచుల్లో సందులు మాత్రమే. రెండోదానికి రేకు నిండా చిల్లులు, పేరు 4000డీ ఎయిర్‌ఫ్లో. కేవలం ముఖం మారితే గాలి మారుతుందని ఆ కంపెనీయే ఒప్పుకుని రెండోదానికి ఆ పేరు పెట్టింది. తర్వాతి సంవత్సరం ఫ్రాక్టల్ డిజైన్ టోరెంట్ అనే క్యాబినెట్‌తో వచ్చింది. దాని ముందు భాగంలో 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, అడుగున 140వి మూడు. గాలికి అడ్డం ఉండకూడదని ఎస్ఎంపీఎస్‌ను తీసుకెళ్లి పైన పెట్టారు. లియాన్ లీ లాన్‌కూల్ 216లో ముందు 160 మిల్లీమీటర్లవి రెండు, వెనక 140ది ఒకటి. ఇవన్నీ ఖరీదైనవే. వీటినే కొనమని నేను చెప్పను. వీటిలో ఉన్న ఆలోచనను పట్టుకోండి: ముందు చిల్లులున్న ముఖం, దాని వెనకే పెద్ద ఫ్యాన్లు, మధ్యలో ఏ అడ్డూ లేదు. ఈ మూడూ ఉన్న క్యాబినెట్ ఐదు వేల లోపు కూడా దొరుకుతుంది, లైట్లు తక్కువుంటాయి, అంతే.

షాపులో చూసి కొనేవాళ్లకు రెండు పరీక్షలు చెబుతాను. మొదటిది ఫోన్ టార్చ్. ముందు ప్యానెల్ ఊడదీయమని అడగండి, చాలావాటికి కింద వేలు పెట్టి లాగితే వచ్చేస్తుంది. దాని వెనక టార్చ్ పట్టుకుని ఇవతలి నుంచి చూడండి. వెలుతురు ధారగా వస్తే గాలి కూడా వస్తుంది. చిల్లులు పైపైనే ఉండి వెనక దట్టమైన స్పాంజి గానీ, ప్లాస్టిక్ పలక గానీ ఉంటే మసకగా కనబడుతుంది. చూడటానికి మెష్ (జాలీ) లాగే ఉండి నిజానికి సగం మూసేసిన ముఖాలు చాలా ఉన్నాయి. రెండోది ప్యానెల్‌కూ ఫ్యాన్‌కూ మధ్య ఖాళీ. అద్దం ముఖం మీకు బాగా నచ్చేసి అదే కావాలనుకుంటే, కనీసం అద్దానికీ ఫ్యాన్‌కూ మధ్య రెండు వేళ్లు దూరేంత చోటు, అంచుల పొడవునా తెరిచిన సందు ఉండాలి. మా వాడి క్యాబినెట్‌లో చిటికెన వేలు కూడా దూరలేదు.

ఇంట్లో ఇప్పటికే ఉన్న క్యాబినెట్‌కు ఇంకో పరీక్ష ఉంది. ఆ రాత్రి మేం చేసిందే. ఊదుబత్తి వెలిగించి, ముందు భాగానికి బెత్తెడు దూరంలో పట్టుకున్నాం, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి. పొగ నిలువుగా పైకి పోయింది, అద్దం వైపు తిరిగి కూడా చూడలేదు. అద్దం అంచు సందు దగ్గరికి తెస్తే సన్నగా ఒక పోగు మాత్రం లోపలికి వంగింది. పక్కన పెట్టిన మా ఆఫీసు డెస్క్‌టాప్, అదొక పాత జాలీ డబ్బా, దాని ముందు పట్టుకుంటే పొగ మొత్తం అడ్డంగా వంగి లోపలికి పోయింది. మా వాడు ఏమీ మాట్లాడలేదు. వాడికి అర్థమైపోయింది. (ఒక్క నిమిషం చాలు, ఊదుబత్తి పొగ లోపల జిడ్డుగా పేరుకుంటుంది.)

రావడం ఒక్కటే కాదు, సరైన దారిలో పోవాలి

మనం ఇవాళ వాడే మదర్‌బోర్డు అమరికను ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ పేరుతో తెచ్చింది. అప్పటి పెంటియం ప్రాసెసర్లు పది, పదిహేను వాట్ల స్థాయివి. గ్రాఫిక్స్ కార్డుకు ఫ్యాన్ కూడా ఉండేది కాదు. వేడి గురించి ఆలోచించి ఇంటెల్ 2004 ప్రాంతంలో బీటీఎక్స్ అనే కొత్త అమరిక తెచ్చింది కానీ అది నిలబడలేదు. కాబట్టి ముప్పై ఏళ్ల నాటి ఇంటి ప్లానులోనే మనం ఈనాటి పొయ్యిలు పెట్టుకుంటున్నాం. గ్రాఫిక్స్ కార్డు మధ్యలో అడ్డంగా పడుకుని ఉంటుంది, ఫ్యాన్లు కిందికి చూస్తుంటాయి, దాని వేడి గాలి పైకి లేచి నేరుగా ప్రాసెసర్ కూలర్ నోట్లోకి పోతుంది. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి వెనక చివర రేకుకు కోత పెట్టి గాలి ఆరపార పోయేలా చేస్తున్నారు. కార్డుకు మంచిదే, పైనున్న ప్రాసెసర్‌కు మాత్రం ఇంకొంచెం సెగ.

మా తాతల కాలం మట్టి మిద్దెల్లో పొయ్యి పైన గవాచి ఉండేది. వాకిట్లోంచి వచ్చిన గాలి పొగను మోసుకుని గవాచిలోంచి పోయేది. క్యాబినెట్‌లోనూ అదే సూత్రం: ముందు, కింద నుంచి చల్లగాలి, వెనక, పైనుంచి వేడిగాలి. ముందు రెండు లేక మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. 300 వాట్ల పీసీకి ఇది చాలు. ఇంకొకటి పెట్టాలనుకుంటే పైన, వెనక మూలకు దగ్గరగా, బయటికి. పైన ముందు మూలలో మాత్రం బయటికి తోసే ఫ్యాన్ పెట్టకండి. ముందు నుంచి అప్పుడే లోపలికి వచ్చిన చల్లగాలిని, ప్రాసెసర్ దాకా పోనీయకుండా, అది పైకి లాగేసి పారేస్తుంది. డబ్బు పెట్టి ఫ్యాన్ కొని, వచ్చిన గాలిని బయట పారబోసినట్టు.

ఫ్యాన్ ఏ వైపు గాలి తోస్తుందో గుర్తుపట్టడం తేలిక. మోటారును పట్టుకుని ఉండే నాలుగు కమ్మీలు ఏ వైపుంటే గాలి అటు పోతుంది. కమ్మీలు కనబడకుండా ఉండే ముఖమే అందంగా ఉంటుంది కాబట్టి, లైట్లు బాగా కనబడాలని ఫ్యాన్‌ను తిప్పి బిగించే వాళ్లున్నారు. అప్పుడు లోపలికి రావాల్సిన గాలి బయటికి పోతుంది. అందం కావాలంటే రెక్కలు తిరగేసి చేసిన రివర్స్ ఫ్యాన్లు వేరే అమ్ముతారు, అవి తీసుకోండి. పీసీ ఆన్ చేశాక ప్రతి ఫ్యాన్ ముందూ ఒక టిష్యూ కాగితం ముక్క పట్టుకుని చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు మోజు మీదున్న అక్వేరియం తరహా క్యాబినెట్ల గురించి చాలామంది అడుగుతున్నారు. 2018లో వచ్చిన లియాన్ లీ ఓ11 డైనమిక్‌తో ఈ పోకడ ఊపందుకుంది. ముందూ పక్కా అద్దమే, గాలి రావాల్సింది అడుగు నుంచి, కుడి పక్క నుంచి. అడుగున మూడు ఫ్యాన్లు పెట్టి కింద నుంచి గ్రాఫిక్స్ కార్డుకు నేరుగా గాలి కొట్టిస్తే ఇవి కూడా బాగా పనిచేస్తాయి. కానీ చాలావాటికి ఫ్యాన్లు విడిగా కొనాలి. ఏడెనిమిది ఫ్యాన్లు పెడితే తప్ప అది నిండదు. బడ్జెట్ అక్కడే ఆవిరైపోతుంది. ఆ డబ్బుతో మంచి మెష్ క్యాబినెట్ కొని, మిగిలింది గ్రాఫిక్స్ కార్డులో పెట్టుకోమనే నా సలహా. అడుగున ఫ్యాన్లు ఉన్నవి నేల మీద పెడితే గది దుమ్మంతా ముందు దానికే, అది ఇంకో సంగతి.

దుమ్ము సంగతి

మన దగ్గర వేడి ఎంత శత్రువో దుమ్ము కూడా అంతే. రోడ్డు పనులు, ఇళ్ల పనులు ఎప్పుడూ ఏదో ఒక వీధిలో నడుస్తూనే ఉంటాయి. చిత్తూరు వైపు గ్రానైట్ పని జరిగే చోట్ల సన్నటి పొడి కిటికీల మీద తెల్లగా పేరుకుంటుంది. ఆ పొడి, చిప్పు వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య చేరితే రెండు నెలల్లో పలుచటి దుప్పటి కప్పినట్టవుతుంది.

దీనికి మందు ఏమిటంటే లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకోవడం. అప్పుడు లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది తప్ప లోపలికి రాదు. వచ్చే గాలంతా ముందున్న ఫిల్టర్ గుండానే వస్తుంది. తిరగేసి, బయటికి తోసేవి ఎక్కువైతే ప్రతి చిల్లులోంచీ, వెనక స్లాట్ల సందుల్లోంచీ దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది. ముందు మూడు, వెనక ఒకటి అని చెప్పింది దుమ్ము కోసం కూడా. వెనక ఖాళీ స్లాట్ల మూతలు పారేయకండి. అవి లేకపోతే దుమ్మే కాదు, బల్లులు కూడా దూరతాయి. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి ఇష్టం. మదర్‌బోర్డు మీద బల్లి చనిపోయి షార్ట్ అయిన కేసు నేను కళ్లారా చూశాను.

ఫిల్టర్ చేత్తో లాగితే ఊడి వచ్చేదై ఉండాలి. స్క్రూలు విప్పితే తప్ప రాని ఫిల్టర్‌ను ఎవరూ కడగరు, అది నిజం. అడుగున ఎస్ఎంపీఎస్ కింద ఉండే ఫిల్టర్ వెనక్కి కాకుండా పక్కకో ముందుకో జారి వచ్చేదైతే మంచిది, లేకపోతే ప్రతిసారీ వైర్లన్నీ పీకి క్యాబినెట్‌ను జరపాలి. లోపల శుభ్రం చేయడానికి బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్లు, శబ్దం

తక్కువ ధర క్యాబినెట్లతో వచ్చే లైట్ల ఫ్యాన్లలో చాలావాటికి పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ వైరు ఉంటుంది. అది నేరుగా ఎస్ఎంపీఎస్‌కు తగిలిస్తారు. అంటే వేగం తగ్గించడం, పెంచడం మన చేతిలో ఉండదు. మదర్‌బోర్డుకు తగిలే చిన్న నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లయితే వేడిని బట్టి వేగం మారేలా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పెట్టుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి కూడా చిన్నదానంత గాలి ఇస్తుంది. 140 మిల్లీమీటర్ల ఫ్యాన్ వైశాల్యం 120 దానికంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అయితే శబ్దం గురించి విదేశీ సమీక్షకులు పడే బాధ మనం అంతగా పడనక్కర్లేదు. వాళ్ల గదులు నిశ్శబ్దంగా ఉంటాయి. మన నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, దాని చప్పుడులో క్యాబినెట్ ఫ్యాన్లు కాస్త గట్టిగా తిరిగినా వినబడవు. కాబట్టి ఎండాకాలం నాలుగు నెలలు వేగం పెంచుకోండి, మొహమాటం వద్దు.

ఇంకొకటి. బయోస్‌లో క్యాబినెట్ ఫ్యాన్లు మామూలుగా ప్రాసెసర్ వేడిని చూసి వేగం మార్చుకుంటాయి. కానీ గేమ్‌లో అసలు పొయ్యి గ్రాఫిక్స్ కార్డు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ముందు ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టుకోవచ్చు.

లిక్విడ్ కూలర్ గురించి రెండు ముక్కలు. 65 నుంచి 120 వాట్ల ప్రాసెసర్‌కు మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలర్ పెట్టేట్టయితే రేడియేటర్ పైన పెట్టండి. ముందు పెడితే ప్రాసెసర్ వేడి మొత్తం లోపలికి వచ్చి గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఎక్కడ పెట్టినా రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరతాయి.

కొలతలు మాత్రం కొనేముందే కాగితం మీద రాసుకోండి. మీ కార్డు పొడవు, కూలర్ ఎత్తు, మదర్‌బోర్డు సైజు. డీప్‌కూల్ ఏకే400 కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 అయితే 165. మూడు ఫ్యాన్ల కార్డులు 300 మిల్లీమీటర్లు దాటేవి చాలా ఉన్నాయి. రేపు ముందు రేడియేటర్ పెడితే ఆ పొడవులోంచి ఐదారు సెంటీమీటర్లు పోతాయని కూడా లెక్కేసుకోవాలి. తిరుపతిలో కావాల్సింది దొరక్కపోతే చాలామంది పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు. అక్కడ పది షాపులు తిరిగి చూసుకోవచ్చు, కానీ కొలత తప్పి తెచ్చుకుంటే మార్చుకోవడానికి మళ్లీ ఒక రోజు.

ఎక్కడ పెడుతున్నారు?

ఎంత మంచి క్యాబినెట్ కొన్నా దీని దగ్గర బోల్తా పడుతున్నారు. మన ఇళ్లల్లో వడ్రంగి చేసిన కంప్యూటర్ టేబుల్‌కు కాళ్ల పక్కన సీపీయూ కోసం ఒక అర ఉంటుంది. మూడు వైపులా చెక్క, కొన్నిటికి ముందు తలుపు కూడా. వెనక నుంచి పోయిన వేడిగాలి గోడకో చెక్కకో తగిలి, చుట్టూ తిరిగి మళ్లీ ముందు నుంచి లోపలికి వస్తుంది. పదిహేను నిమిషాల్లో ఆ అరలో గాలి గది కంటే పది డిగ్రీలు వేడెక్కినా ఆశ్చర్యం లేదు. టేబుల్ పైన గానీ, పక్కన చిన్న స్టూలు మీద గానీ పెట్టండి. వెనక గోడకు కనీసం జానెడు దూరం. పైన గుడ్డ కప్పడం, పుస్తకాలు పెట్టడం వద్దు. ఆయుధ పూజ నాడు పైన చల్లిన పూలరెక్కలు, అక్షింతలు మెష్‌లోంచి జారి ఫ్యాన్లో ఇరుక్కుంటాయి. ఆ రోజు బొట్టు పక్కన పెట్టి, పూలమాల ముందు భాగానికి తగలకుండా వేస్తే సరి.

ఎయిర్ కూలర్ వాడే ఇళ్లల్లో దాని గాలి నేరుగా పీసీ మీద పడనీయకండి. గాలిలో తేమ వల్ల లోపల నీరు పట్టదు, పీసీ భాగాలు గది కంటే వేడిగా ఉంటాయి కాబట్టి. భయం నీటి తుంపరలది, తడి గాలికి దుమ్ము ముద్దకట్టి రేకులకు అంటుకుపోవడానిది. గది మొత్తం చల్లబడితే మాత్రం పీసీకీ లాభమే.

క్యాబినెట్ మార్చేముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది: పుట్టే వేడినే తగ్గించడం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించితే ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. మానిటర్ 75 హెర్ట్జ్‌ది అయినప్పుడు గేమ్ 140 ఫ్రేములు గీయడం దండగ, ఫ్రేములకు పరిమితి పెట్టుకోండి. పక్క అద్దం తీసి చూశాక ఆ రాత్రే ఇవి కూడా చేశాం. ఆ అద్దం మళ్లీ మూసినా కార్డు 80 దగ్గర ఆగింది. గది సెగ కూడా తగ్గిందని మా చిన్నమ్మ అంది.

ఆ తర్వాత వారం వాడు పాత క్యాబినెట్ ఒక స్నేహితుడికి అమ్మేసి, ముందు మెష్, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు ఉన్నది తెచ్చుకున్నాడు. అద్దం ముఖం వదులుకోవడానికి కొంచెం బాధపడ్డాడు. కొత్తదాన్ని టేబుల్ అరలోంచి తీసి స్టూలు మీద పెట్టించాను. వెనక ఫ్యాన్ పాతదే. అదే గది, అదే వేడి, అద్దం తలుపు మూసే ఉంది: కార్డు 76, ప్రాసెసర్ 85. మొన్న పక్క తలుపు తీసి చూస్తే రెండు డిగ్రీల తేడా కూడా రాలేదు. తలుపు తీసినా మూసినా ఒకేలా ఉందంటే క్యాబినెట్ తన పని తాను చేస్తున్నట్టే. తీస్తే ఏడెనిమిది డిగ్రీలు దిగిపోతుంటే మాత్రం అది గాలిని బిగబట్టి ఉంచుతోందని అర్థం.

మూడు వారాలకు ముందు ఫిల్టర్ లాగి చూశాం. ఎర్రటి దుమ్ము, వెంట్రుకలు, జాలీ సగం మూసుకుపోయింది. ఇప్పుడు రెండు ఆదివారాలకొకసారి కుళాయి కింద కడిగి, మిద్దె మీద నీడలో ఆరబెడుతున్నాడు. నీడలోనే, ఎందుకంటే ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోయి మళ్లీ సరిగా కూర్చోదు.